డిజైనర్ లేకుండా మీ యాప్ తెరలు బాగుచేసుకోవడం ఎలా? రంగుల జోలికి ముందే వెళ్లకండి

యాప్ పనిచేస్తోంది, లెక్కలు సరిగ్గానే వస్తున్నాయి, క్రాష్ కూడా కావట్లేదు. అయినా వాడేవాళ్లు రోజూ ఫోన్ చేసి "ఎక్కడ నొక్కాలండీ?" అని అడుగుతున్నారు. గుంటూరులో, బెజవాడలో సొంత షాపుకో, ట్యూషన్ సెంటర్‌కో, ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకో తామే యాప్ కట్టుకున్నవాళ్లలో చాలామందిది ఇదే పరిస్థితి. వాళ్లు మొదట అడిగేది కూడా ఒకటే: "ఏ రంగు పెడితే బావుంటుంది?"

రంగు ఈ పనిలో దాదాపు ఆఖరి మెట్టు. అంతకుముందు చేయాల్సినవి చాలా ఉన్నాయి, వాటిలో ఒక్కదానికీ బొమ్మలు గీయడం రానక్కర్లేదు. కింద రాసిన వరసలోనే చేయండి, వరస మారితే చేసిన పనే మళ్లీ చేయాల్సొస్తుంది.

ఉదాహరణకి గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ షాపు తన రైతుల కోసం పెట్టిన యాప్ అనుకుందాం. ఊహించి రాసిందే, అంకెలు కూడా ఊరికే వేసినవే.

1. మొదలుపెట్టే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- యాప్‌లోని ప్రతి తెరకీ స్క్రీన్‌షాట్. అన్నీ ఫిగ్మాలోనో, ఉచితంగా దొరికే పెన్‌పాట్‌లోనో (రెండూ తెరలు గీసుకునే సాధనాలు) పక్కపక్కన పెట్టండి. అవి రాకపోతే ప్రింటు తీసి గోడకి అంటించండి, ఫరవాలేదు.
- ఒక మామూలు రేటు ఫోన్, స్క్రీన్ మీద నాలుగు గీతలు పడినదైతే ఇంకా మంచిది. తెర వెడల్పు 360 డీపీ (ఆండ్రాయిడ్ తెర మీద వాడే కొలత) ఉండేవి చాలానే ఉంటాయి, మీ కొలత అదే.
- ఈమధ్య వాట్సాప్‌లో వచ్చిన సందేహాలు, ఫిర్యాదులు అన్నీ ఒకచోట.
- నిజమైన డేటా. "టెస్ట్ 1, టెస్ట్ 2" అని పెట్టుకుని డిజైన్ చేస్తే అది టెస్ట్‌కే పనికొస్తుంది.
- గిట్‌లో (కోడు మార్పులు దాచిపెట్టే చోటు) వేరే బ్రాంచి, అసలు కోడు చెడకుండా.

స్క్రీన్‌షాట్లు పక్కపక్కన పెట్టగానే సగం రోగం బయటపడుతుంది. వెనక్కి వెళ్లే బటన్ ఒక తెరలో పైన ఎడమవైపు, ఇంకోదాంట్లో కింద, మూడోదాంట్లో అసలు లేదు. ఒక్కో తెరా విడిగా చూసినన్నాళ్లూ ఇది కంటికి ఆనదు.

2. ప్రతి తెరకీ ఒక్క వాక్యం రాయండి

ప్రతి స్క్రీన్‌షాట్ కింద ఇలా రాయండి: "ఈ తెర తెరిచిన మనిషి ఫలానాది చూసుకుని, లేదా ఫలానాది చేసి, వెళ్లాలి." ఒక్కటే పని. రెండు పనులు రాయాల్సొస్తే ఏది ముఖ్యమో అక్కడే తేల్చండి. తేలకపోతే అవి బహుశా రెండు తెరలు.

మిర్చి యాప్ మొదటి తెరకి నేనైతే ఇలా రాస్తాను: "రైతు ఈ రోజు ధర, తన సరుకు ఎంత అమ్ముడైందీ, తనకి రావాల్సిన డబ్బూ ఒక్క చూపులో తెలుసుకోవాలి." మూడు విషయాలున్నా పని ఒకటే, పరిస్థితి తెలుసుకోవడం.

వాట్సాప్ సందేహాలని ఈ వాక్యాలతో పోల్చి చూడండి. అందరూ అడుగుతున్నది తెరమీద ఉండి కూడా అడుగుతున్నారంటే అది కనిపించడం లేదన్నమాట. మరమ్మతు అక్కడ మొదలుపెట్టాలి.

3. తీసేయండి, ఆ తర్వాతే సర్దండి

పాత మొదటి తెర ఎలా ఉందంటే, పైన మూడోవంతు షాపు లోగో. దాని కింద మూడేసి సెకన్లకి మారిపోయే బ్యానర్. తర్వాత తొమ్మిది ఐకాన్లు, ఒక్కోటి ఒక్కో రంగులో, వాటిలో "ధరలు" ఐదోది, "ఖాతా" ఎనిమిదోది. అడుగున పాకుతూ పోయే నోటీసు. రైతుకి కావాల్సిన మూడింటిలో ఒక్కటీ తెరవగానే కనిపించదు.

కొత్తది:

- పైన ఒకే వరసలో చిన్న లోగో, షాపు పేరు.
- "ఈ రోజు ధర, క్వింటా" అనే శీర్షిక. కింద తేజ, 334, 341 అనే మిర్చి రకాలు ఒక్కోటి ఒక్కో వరస, ఎదురుగా కనిష్ఠం, గరిష్ఠం. లాటుని బట్టి రేటు మారుతుంది కాబట్టి ఒకే అంకె వేస్తే తర్వాత గొడవలొస్తాయి.
- వాటి కిందే చిన్న అక్షరాల్లో "ఉదయం 11:20కి వేసిన ధరలు". ఇది లేని ధరని ఎవరూ నమ్మరు.
- "మీ సరుకు: 40 టిక్కీలు. 28 అమ్ముడయ్యాయి." (టిక్కీ అంటే మిర్చి బస్తా.)
- "మీకు రావాల్సింది ₹1,71,500". తెర మొత్తం మీద పెద్ద అక్షరాలు ఇవే.

మిగతా ఐకాన్లలో రోజూ వాడేవి అడుగున ఉండే నావిగేషన్ పట్టీలోకి వెళ్తాయి. అందులో మూడు నుంచి ఐదు దాకా పెట్టొచ్చని గూగుల్ మెటీరియల్ డిజైన్ సూచనల్లోనే ఉంది. తక్కినవి "మరిన్ని"లోకి. బ్యానర్ పోయింది, పాకే నోటీసు పోయింది. ఓనరు గారు "లోగో చిన్నదైపోయిందేంటి?" అంటారు, అంటారని ముందే అనుకోండి. పాత తెర, కొత్త తెర రెండు ఫోన్లలో పెట్టి ఆయన చేతికే ఇచ్చి, డబ్బు ఎంతో వెతకమనండి. వాదించక్కర్లేదు.

4. బూడిద రంగులోనే సర్దండి

ఇప్పుడు యాప్‌లో రంగులన్నీ తీసేసి నలుపు, తెలుపు, బూడిద మాత్రమే ఉంచండి. రంగు లేకుండా అర్థమయ్యే తెర రంగు వేశాక కూడా అర్థమవుతుంది. రంగు మీద ఆధారపడి నిలబడ్డ తెర ఎండలో పడిపోతుంది.

ఖాళీలకి మీ ఇష్టమొచ్చిన అంకెలు వాడకండి. 4, 8, 16, 24, 32 డీపీ, ఇవే. తెర అంచు నుంచి 16. ఒకదానికొకటి సంబంధం ఉన్నవాటి మధ్య 8, సంబంధం లేనివాటి మధ్య 24. "తేజ" అనే పేరుకీ దాని రేటుకీ మధ్య ఉన్న ఖాళీ, తేజకీ 334కీ మధ్య ఉన్న ఖాళీ ఒకేలా ఉంటే కన్ను తడబడుతుంది. గీతలూ డబ్బాలూ అక్కర్లేకుండా ఖాళీతోనే విడదీయొచ్చు. డబ్బాలో డబ్బా, దాంట్లో ఇంకో డబ్బా ఉంటే బయటవి రెండూ తీసేయండి.

రాతంతా ఎడమవైపు ఒకే నిలువు గీత మీద మొదలవ్వాలి, డబ్బు అంకెలు కుడివైపు ముగియాలి. మధ్యకి సర్దడం రెండు మూడు పదాలకి సరే, పేరాకి వద్దు.

ఫోన్‌లో డెవలపర్ ఆప్షన్స్ (యాప్ కట్టేవాళ్ల కోసం సెట్టింగ్స్‌లో ఉండే విభాగం) తెరిచి లేఅవుట్ బౌండ్స్ చూపించమనే స్విచ్ వేస్తే ప్రతి డబ్బా అంచూ గీతల్లో కనిపిస్తుంది. ఎక్కడ 13, ఎక్కడ 17 పడిందో దాచుకోవడానికి చోటుండదు.

5. తెలుగు అక్షరాలు: ఎక్కువ యాప్‌లు చెడేది ఇక్కడే

ఇంగ్లీషు కోసం కట్టిన తెరలో తెలుగు పోస్తే వత్తులు తెగుతాయి. మన లిపికి పైన గుడులు, కింద వత్తులు, ఒక్కోసారి వత్తు కింద ఇంకో వత్తు. "రాష్ట్రం", "స్త్రీ", "లక్ష్మి", ఈ మూడూ మీ ప్రతి బటన్‌లో, ప్రతి శీర్షికలో పెట్టి చూడండి. అడుగు తెగిందా, ఆ డబ్బా ఎత్తు మీరు అంకెతో బిగించేశారన్నమాట. బిగించకండి. కనీస ఎత్తు చెప్పి, రాతని బట్టి పెరగనివ్వండి.

వరస ఎత్తు అక్షరం సైజుకి ఒకటిన్నర రెట్లు దాకా ఉండాలి. పేరా పొడుగైతే 1.6 పెట్టండి. ఆండ్రాయిడ్‌లో ఇన్‌క్లూడ్ ఫాంట్ ప్యాడింగ్ (రాత పైనా కిందా వదిలే అదనపు చోటు) ఆపేయమని సలహాలు కనిపిస్తాయి. ఇంగ్లీషు బటన్ అందంగా కుదురుతుందేమో గానీ తెలుగులో తలా తోకా కోసేస్తుంది. ఇంకో సంగతి, యాప్‌ని ఆండ్రాయిడ్ 15కి టార్గెట్ చేయగానే (అంటే ఆ వెర్షన్ కోసం కట్టిందని కోడులో చెప్పగానే) ఎలిగెంట్ టెక్స్ట్ హైట్ అనే సెట్టింగ్ తనంతట తానే ఆన్ అవుతుంది. తెలుగు లాంటి లిపులకి నిలువు చోటు ఎక్కువ వస్తుంది, మంచిదే, కానీ పాత తెరలు నాలుగు చోట్ల కిందకి జారతాయి. టార్గెట్ మార్చిన రోజునే అన్నీ ఒకసారి తిరగేయండి.

సైజులు నాలుగు చాలు. మామూలు రాతకి 16 ఎస్‌పీ (ఆండ్రాయిడ్‌లో అక్షరాల కొలత), శీర్షికకి 20, ముఖ్యమైన అంకెకి 28. చిన్న వివరాలకి 14, అంతకంటే కిందకి దిగొద్దు. ఒకే సైజులో పెట్టినా తెలుగు ఇంగ్లీషుకంటే ఇరుకుగా కనిపిస్తుంది, అక్షరంలోనే మెలికలెక్కువ.

పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు అనే తేడా మనకి లేదు కాబట్టి ప్రాముఖ్యం చూపించడానికి మిగిలినవి సైజూ, మందమూ. ఇటాలిక్ వద్దు. అక్షరాల మధ్య ఎడం పెంచే సెట్టింగ్ తెలుగుకి సున్నా.

ఫాంటు కోసం రోజులు పోగొట్టుకోకండి. నోటో సాన్స్ తెలుగు, హింద్ గుంటూరు, అనెక్ తెలుగు మూడూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, ఏదో ఒకటి తీసుకోండి. (మన ఊరి పేరున్న ఫాంటు కాబట్టి నాకు రెండోదాని మీద కాస్త పక్షపాతం, అదీ కాక ఇంగ్లీషు, తెలుగు రెండూ అందులో పొందికగా ఉంటాయి.) రామభద్ర లాంటి లావు ఫాంటు శీర్షికకి బావుంటుంది, పేరాకి పెడితే నల్లటి మచ్చలా ఉంటుంది.

అక్షరాల కొలత ఎప్పుడూ ఎస్‌పీలో ఇవ్వండి, డీపీలో కాదు. ఎస్‌పీ అయితేనే ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసుకున్నవాళ్లకి మీ యాప్‌లోనూ పెరుగుతాయి. ఆండ్రాయిడ్ 14 నుంచి 200 శాతం దాకా పెంచుకోవచ్చు. అంత పెంచి చూసి, పేరు సగంలో తెగి చుక్కలొస్తే రెండో వరసకి దిగనివ్వండి.

అంకెలకి లక్షల పద్ధతిలో కామాలు పడుతున్నాయో లేదో చూసుకోండి. 1,71,500 అని చూసే అలవాటున్న కంటికి 171,500 అని చూపిస్తే లెక్కపెట్టుకోవాల్సొస్తుంది, డబ్బు దగ్గర అది మంచిది కాదు.

6. బొటనవేలికి అందాలి

నొక్కే ప్రతిదానికీ ఆండ్రాయిడ్‌లో కనీసం 48 డీపీ, ఐఫోన్‌లో 44 పాయింట్లు. ఐకాన్ 24 ఉండొచ్చు, చుట్టూ నొక్కితే పనిచేసే చోటు మాత్రం 48 ఉండాలి. రెండు బటన్ల మధ్య 8.

ముఖ్యమైన బటన్ తెర కింది భాగంలో, పూర్తి వెడల్పుతో, ఒక్కటే. బెజవాడ బీసెంట్ రోడ్డులో ఒక చేత్తో సంచీ పట్టుకుని ఇంకో చేత్తో ఫోన్ చూసేవాళ్లకి పై మూల అందదు. "తొలగించు" ఎప్పుడూ "సరే" పక్కన ఉండకూడదు.

ఒక్క చిక్కు గుర్తుపెట్టుకోండి. ఆండ్రాయిడ్ 15కి టార్గెట్ చేసిన యాప్‌లు ఆ ఫోన్లలో తెర అంచుల దాకా పరుచుకుంటాయి. మీరు విండో ఇన్‌సెట్స్ (ఫోన్ సొంత పట్టీలకి వదలాల్సిన చోటు) చూసుకోకపోతే అడుగునున్న బటన్ ఫోన్ సొంత బటన్ల వెనక్కి వెళ్లిపోతుంది. మీ ఫోన్‌లో జెస్చర్ నావిగేషన్ (బటన్లు లేకుండా వేలు జరిపే పద్ధతి) ఉంటే మీకది తెలియదు కూడా, మూడు బటన్లున్న ఫోన్‌లో చూస్తేనే తెలుస్తుంది.

ఐకాన్ కింద పేరు రాయండి. ఇల్లు, భూతద్దం తప్పిస్తే మిగతా బొమ్మలు ఒక్కొక్కరికి ఒక్కోలా అర్థమవుతాయి.

7. ఫారాలు

ముందు అడిగేవి తగ్గించండి. పిన్‌కోడ్ తీసుకుని మళ్లీ జిల్లా, రాష్ట్రం ఎందుకు అడగడం? ఫోన్ నంబరు డబ్బాకి నంబర్ల కీబోర్డే రావాలి. ఓటీపీ దానంతటదే పడేలా చేయండి.

డబ్బాలోపల లేత రంగులో రాసిన పేరు టైపు చేయగానే మాయమవుతుంది, అందుకని పేరు డబ్బా పైన ఉండాలి. తప్పు ఎక్కడ జరిగిందో ఆ డబ్బా కిందే చెప్పాలి, ఏం చేయాలో కూడా చెప్పాలి. "చెల్లని ఇన్‌పుట్" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు, "10 అంకెలు ఉండాలి, 9 ఉన్నాయి" అంటే చాలు.

అడ్రసు డబ్బాకి కఠినమైన నియమాలు పెట్టకండి. గుంటూరు బ్రాడీపేటలో లైను, అడ్డరోడ్డు కలిపి 4/14 అని రాస్తారు. ఏటవాలు గీత ఒప్పుకోని ఫారం ఆ పేటనంతా గేటు బయట నిలబెట్టినట్టే. వీధి పేరులో కనీసం ఐదు అక్షరాలుండాలనే నియమం కూడా అలాంటిదే.

8. ఎవరూ డిజైన్ చేయని తెరలు

అన్నీ సవ్యంగా ఉన్న తెరనే అందరూ సర్దుతారు. ప్రతి తెరకీ ఇంకో నాలుగు రూపాలుంటాయి, వాటిని కూడా స్క్రీన్‌షాట్ల వరసలో చేర్చండి.

- ఖాళీగా ఉన్నప్పుడు: "డేటా లేదు" కాదు. "మీ సరుకు ఇంకా యార్డుకి రాలేదు. వచ్చాక ఇక్కడ కనిపిస్తుంది."
- లోడ్ అవుతున్నప్పుడు: వాడుక సులువు మీద పరిశోధన చేసిన జాకబ్ నీల్సన్ 1993లో రాసిన కొలతలు ఇప్పటికీ పనికొస్తాయి. 0.1 సెకనులోపు స్పందిస్తే వెంటనే జరిగినట్టుంటుంది, 1 సెకను దాకా ఆలోచన తెగదు, 10 సెకన్లు దాటితే మనిషి వేరే పనిలో పడతాడు. సెకను దాటే ప్రతిదానికీ ఏదో జరుగుతోందని చూపించండి.
- నెట్ లేనప్పుడు: సీజన్‌లో యార్డు కిక్కిరిసి ఉంటుంది, సిగ్నల్ ఎప్పుడు పోతుందో చెప్పలేం. తెల్లటి తెర చూపించకుండా, చివరిసారి తెచ్చిన ధరలే వాటి టైముతో సహా చూపించండి.
- తప్పు జరిగినప్పుడు: ఏమైంది, ఇప్పుడేం చేయాలి, "మళ్లీ ప్రయత్నించు" బటన్. డబ్బు సంగతైతే "మీ డబ్బు కట్ కాలేదు" అనేది మొదటి వాక్యం కావాలి (నిజంగా కట్ కాకపోతేనే).

9. ఇప్పుడు రంగు

ముఖ్యమైన రంగు ఒకటి. అది నొక్కేవాటికే. నొక్కలేని శీర్షికకి అదే రంగు వేస్తే జనం శీర్షికని నొక్కుతారు. ఇక మిగిలినవి బూడిద ఛాయలు, తప్పుకి ఎరుపు, సరైనదానికి ఆకుపచ్చ.

మిర్చి యాప్ అనగానే అందరి చేయీ ఎరుపు మీదకే పోతుంది. బటన్లన్నీ ఎరుపయ్యాక "తప్పు జరిగింది" అని చెప్పడానికి ఏ రంగు మిగిలింది? లోగోలో ఎరుపు ఉండనివ్వండి, బటన్లకి ముదురు నీలమో ముదురు ఆకుపచ్చో వాడుకోండి. ఆకుపచ్చ తీసుకుంటే "పూర్తయింది" అనడానికి రంగుతో పాటు టిక్కు గుర్తూ పెట్టండి. ధర పెరిగిందనీ తగ్గిందనీ రంగుతోనే చెప్పొద్దు, పక్కన బాణం గుర్తు కూడా ఉండాలి, ఎరుపు ఆకుపచ్చల తేడా తెలియని కళ్లుంటాయి.

అక్షరానికీ దాని వెనక రంగుకీ మధ్య కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకి 3:1. ఇది వెబ్ యాక్సెసిబిలిటీ ప్రమాణాల్లోని లెక్క, యాప్‌కీ సరిపోతుంది. తెల్లటి తెర మీద చాలామంది వాడే #999999 బూడిదకి వచ్చేది 2.85 మాత్రమే. #767676 అయితే 4.54, అంటే గడప దాటినట్టు. గూగుల్ వాళ్ల యాక్సెసిబిలిటీ స్కానర్ యాప్ ఉచితం, మీ తెర మీద నడిపితే కాంట్రాస్ట్ చాలనివీ, నొక్కడానికి చిన్నవైపోయినవీ చుట్టుగీసి చూపిస్తుంది.

దానితో పాటు ఇంకో పరీక్ష: మధ్యాహ్నం పన్నెండుకి బయటికెళ్లి, బ్రైట్‌నెస్ సగంలో పెట్టి ఎండలో చదవండి. మన ఎండకి ఏ స్కానరూ సాటి రాదు.

10. ఐదుగురి చేతికి ఇవ్వండి

ఐదుగురు చాలు. పెద్ద లోపాల్లో ఎక్కువ భాగం ఆ సంఖ్యలోనే బయటపడతాయని నీల్సన్ 2000లోనే రాశాడు. మీ ఆఫీసువాళ్లు, మీ తమ్ముడు లెక్కలోకి రారు. యాప్ వాడబోయేవాళ్లు కావాలి.

పని చెప్పేటప్పుడు బటన్ మీదున్న మాట మీ నోటినుంచి రాకూడదు. "ఖాతా తెరవండి బాబాయ్" అంటే ఆయన ఆ మాట ఎక్కడుందో వెతుకుతాడంతే. "మీకు ఇంకా ఎంత డబ్బు రావాలో చూసి చెప్పండి బాబాయ్" అనాలి. ఆ తర్వాత నోరు మెదపకండి. ఆయన కళ్లజోడు నుదుటి మీదకి తోసి, ఫోన్ చేయిచాపు దూరంలో పట్టుకుని, లోగోని రెండుసార్లు నొక్కి, "ఇక్కడేనా బాబూ?" అని మీ మొహంలోకి చూస్తాడు. "మీకెలా తోస్తే అలా చేయండి" అనేదొక్కటే మీ సమాధానం. చూపించాలని వేలు లాగేస్తుంది, ఆపుకోండి. ఆయన లోగోని ఎందుకు నొక్కాడన్నది మీకు దొరికిన విలువైన సంగతి.

రాసుకోవాల్సినవి: మొదట ఎక్కడ నొక్కాడు, ఎక్కడ ఆగిపోయాడు, పైకి ఏమన్నాడు. "బావుందా?" అని అడగకండి. ఎదురుగా కూర్చున్నవాడితో బాలేదని ఎవరూ అనరు. ఇద్దరు ఒకే చోట ఆగారంటే అది సరిచేసి, మిగిలిన ముగ్గురికీ సరిచేసినదే ఇవ్వండి.

11. మళ్లీ మళ్లీ కనిపించే తప్పులు, వాటి మందు

- వేరే యాప్ చూసి దించేయడం. రోజూ కోట్లమంది వాడే పేమెంట్ యాప్‌కి మొదటి తెరలో ఇరవై ఐకాన్లుండడానికి వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి. వాళ్ల దగ్గర తీసుకోవాల్సింది అలవాట్లు: వెనక్కి బటన్ ఎక్కడుంటుంది, వెతికే డబ్బా ఎక్కడుంటుంది.
- ప్రతిదానికీ "ఖచ్చితంగానా?" అనే పాపప్. రెండోరోజుకి చదవకుండా "అవును" నొక్కేస్తారు. తిరిగి తెచ్చుకోగలిగే పనికి పాపప్ తీసేసి, కాసేపు "వెనక్కి తీసుకో" చూపించండి.
- బటన్ మీద "సమర్పించు". ఏం జరగబోతోందో రాయండి: "బిల్లు పంపు", "డబ్బు కట్టు".
- మొదటిసారి తెరవగానే ఐదు పేజీల పరిచయం. తీసేయండి, ఎవరూ చదవరు.
- డార్క్ మోడ్ సగం చేసి వదిలేయడం. పూర్తిగా చేయలేకపోతే ప్రస్తుతానికి పెట్టకండి.

12. బయటికి వదిలే ముందు

- 360 డీపీ ఫోన్‌లో, అక్షరాలు 200 శాతం పెంచి, అన్ని తెరలూ చూశారా?
- "రాష్ట్రం", "స్త్రీ", "లక్ష్మి" ఎక్కడా తెగడం లేదు కదా?
- "వెంకట సత్యనారాయణ వరప్రసాద్" లాంటి పొడుగు పేరు పట్టిందా?
- ₹0, ₹1,00,00,000 రెండూ వేసి చూశారా?
- డెవలపర్ ఆప్షన్స్‌లో కలర్ స్పేస్ సిమ్యులేషన్‌ని మోనోక్రోమసీకి (రంగులేవీ కనిపించని చూపు) మార్చినా అర్థమవుతోందా?
- మూడు బటన్లున్న ఫోన్‌లో అడుగు బటన్ కనిపిస్తోందా?
- ఫ్లైట్ మోడ్‌లో తెరిస్తే ఏం వస్తోంది?
- టాక్‌బ్యాక్ (తెరమీది రాత చదివి వినిపించే సెట్టింగ్) ఆన్ చేస్తే ప్రతి ఐకాన్‌కీ పేరు పలుకుతోందా?

అన్నీ ఒకేసారి మార్చేసి సీజన్ మధ్యలో వదలకండి. పాత చోటుకి వేలు అలవాటుపడిన రైతుకి మీ కొత్త అమరిక ఎంత మంచిదైనా మొదటి రోజు ఇబ్బందే, ఫోన్లు పెరుగుతాయి. ప్లే కన్సోల్‌లో (యాప్‌ని ప్లే స్టోర్‌కి పంపే చోటు) స్టేజ్డ్ రోలౌట్ పెట్టి ముందు కొద్ది శాతానికే పంపండి, రెండు మూడు రోజులు వాట్సాప్ చూసుకుని శాతం పెంచండి. ఏదైనా తేడా వచ్చి రోలౌట్ ఆపితే కొత్తవాళ్లకి వెళ్లడం ఆగుతుందే గానీ, అప్పటికే అప్‌డేట్ అయిన ఫోన్లలోకి పాతది తిరిగి రాదు. వాళ్ల కోసం పాత కోడునే ఇంకా పెద్ద వెర్షన్ కోడు (ప్రతి బిల్డుకీ ఇచ్చే వరస అంకె) వేసి మళ్లీ పంపాల్సి ఉంటుంది, ఆ బిల్డు ముందే తయారుచేసి పక్కన పెట్టుకోండి.